పాత హై ఎండ్ స్పీకర్లు: ఏవి కొనుక్కోవచ్చు, ఏవి బాగు చేసుకోవచ్చు, ఏవి చూసి వదిలేయాలి

పాత స్పీకర్లు కొందామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది "వీటిలో ఏది బాగా వినిపిస్తుంది?" అని. అడగాల్సిన ప్రశ్నే, కానీ అన్నిటికన్నా ముందు అడగాల్సింది అది కాదు. 40, 50 ఏళ్ళు దాటిన స్పీకర్లో ఏదో ఒక భాగం ఇప్పటికే పోయి ఉంటుంది, లేదంటే మీ ఇంటికొచ్చాక పోతుంది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఇది: ఇందులో ఏ భాగం పోతే మళ్ళీ దొరకదు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చూస్తే పెద్ద పెద్ద పేర్లన్నీ వాటంతట అవే మూడు కుప్పలవుతాయి. మనమే బాగు చేసుకోగలిగేవి, చేయి తిరిగినవాళ్ళకి ఇచ్చి చేయించుకోవాల్సినవి, పోతే పోయినట్టే అనుకోవాల్సినవి. మార్కెట్లో ధరలు మాత్రం ఈ లెక్క ప్రకారం ఉండవు, పేరును బట్టి ఉంటాయి. తెలియనివాళ్ళు నష్టపోయేదీ, తెలిసినవాళ్ళు బాగుపడేదీ అక్కడే.

నిజానికి ఆంప్లిఫయర్ (ఆంప్) తో పోలిస్తే స్పీకర్లో పాడయ్యే భాగాలు తక్కువ. చెక్క, అయస్కాంతం, రాగి తీగ మనకన్నా ఎక్కువ కాలం ఉంటాయి. పాడయ్యేవి ఏమిటంటే, బేస్ ఇచ్చే ఊఫర్ కోన్ చుట్టూ ఉండే ఫోమ్ సరౌండ్, శబ్దాన్ని బేస్ (మంద్రం), మిడ్ (మధ్య), ట్రెబుల్ (తారం) గా విడదీసే క్రాసోవర్ సర్క్యూట్లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, మిడ్‌నీ ట్రెబుల్‌నీ పెంచి తగ్గించే నాబ్‌లు, అక్కడక్కడ జిగురు. ఫోమ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్ళ నోట తరచూ వచ్చే మాట "అసలు వాడనే లేదండీ, గుడ్డ కప్పి పెట్టాం" అని. పాలీయురెథేన్ ఫోమ్‌కి వాడకంతో పనిలేదు. గాలిలో తేమే దాన్ని లోపల్నుంచి తినేస్తుంది, వేడి తోడైతే ఇంకా తొందరగా. 15, 20 ఏళ్ళకి వేలితో నొక్కితే చాలు, జిడ్డు జిడ్డుగా ముక్కలై రాలిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఉన్న జత అయితే ఇంకా ముందే పోవచ్చు. అలాగని ఫోమ్ ఉన్న స్పీకర్లు కొనొద్దని కాదు నేను చెప్పేది, సరిగ్గా తిరగేసి చెబుతున్నాను. ఫోమ్ మార్చడం పాత స్పీకర్లకి చేసే రిపేర్లన్నిటిలో చవకైనది, ఇంట్లో కూర్చుని చేసుకోగలిగేది. ఫోమ్ పోయిందని జనం భయపడి వదిలేసిన జతే మీకు మంచి బేరం.

ఏఆర్-3ఏ, జేబీఎల్ ఎల్100

మొదటిసారి కొనేవాళ్ళకి నేను చెప్పేది ఈ రెండు అమెరికన్ స్పీకర్లే. రెండూ పేరున్నవి, రెండిటికీ విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, క్రాసోవర్ విప్పి చూస్తే ఏది ఎక్కడికి పోతోందో కొత్తవాళ్ళకి కూడా అర్థమవుతుంది. స్వభావంలో మాత్రం రెండిటికీ పొంతన లేదు.

ఏఆర్ (ఎకూస్టిక్ రీసెర్చ్) కంపెనీ చేసిన ఏఆర్-3ఏ 1967లో వచ్చింది. దాని వెనక ఉన్న ఆలోచన ఇంకా పాతది, అమెరికాలో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఎడ్గర్ విల్చర్ 1954లో ఏఆర్-1తో చూపించిన ఎకూస్టిక్ సస్పెన్షన్. గాలి చొరబడకుండా మూసేసిన డబ్బాలో లోపలి గాలే ఊఫర్‌ని వెనక్కి తెచ్చే స్ప్రింగు అవుతుంది, అందుకే పుస్తకాల అరలో పట్టే డబ్బాలోంచి అంత లోతైన బేస్ వస్తుంది. అంటే డబ్బాకి ఎక్కడ చిన్న లీకు ఉన్నా ఆ బేస్ పోతుందన్నమాట. చూడ్డం సులువే. ఊఫర్ కోన్‌ని రెండు చేతుల వేళ్ళతో సమానంగా లోపలికి నొక్కి వదలండి, నెమ్మదిగా వెనక్కి రావాలి, టక్కున వచ్చేసిందంటే గాలి కారుతోంది. మొదట్లో చేసిన జతల్లో ఊఫర్ సరౌండ్ గుడ్డది, 1970 ప్రాంతం నుంచి ఫోమ్‌ది. గుడ్డదైతే దానిమీద గాలి కారకుండా వేసిన పూత ఎండి ఉంటుంది, మళ్ళీ వేసుకుంటే సరిపోతుంది.

ఈ స్పీకర్‌కి అసలు జబ్బు వెనక ఉన్న రెండు నాబ్‌లలో ఉంది. లోపలి లోహం చిలుమెక్కి పచ్చగా తయారవుతుంది, కనెక్షన్ తెగిపోతుంది, ట్రెబుల్ ఇచ్చే ట్వీటర్ మూగబోతుంది. అమ్మేవాడు పాపం ట్వీటరే పోయిందనుకుని ధర తగ్గిస్తాడు. మీరు మాత్రం డబ్బు ఇవ్వకముందే ఆ నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగైదుసార్లు తిప్పి, ట్వీటర్ దగ్గర చెవి పెట్టి వినండి. తిప్పుతున్నప్పుడు ఒక్క క్షణం గరగరమని శబ్దం వచ్చినా సరే, ట్వీటర్ బతికే ఉంది. ఏ శబ్దమూ రాకపోతే మాత్రం పోయిందనే లెక్కేసుకుని బేరం ఆడండి, ఎందుకంటే ఈ ట్వీటర్లు వయసుతో బలహీనపడేవే, అసలువి మంచి స్థితిలో దొరకడం కష్టం.

క్రాసోవర్లో కెపాసిటర్లు 150, 50, 6 మైక్రోఫారడ్లవి. మూడూ ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్లు (లోపల ప్లాస్టిక్ పొర ఉండే రకం) వేయాలని ఉబలాటపడొద్దు, 150 మైక్రోఫారడ్ల ఫిల్మ్ కెపాసిటర్ కొబ్బరి బోండాం అంత ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. ఊఫర్‌కి మంచి నాన్ పోలార్ ఎలక్ట్రోలిటిక్ చాలు, ట్వీటర్ దగ్గరి 6కి ఫిల్మ్ వేయండి. ఇంకోమాట, ఇది 4 ఓమ్‌ల స్పీకర్ (ఓమ్‌లు తగ్గేకొద్దీ ఆంప్ మీద భారం పెరుగుతుంది), పైగా తక్కువ పవర్‌తో లేచే రకం కాదు. చిన్న ట్యూబ్ ఆంప్‌తో దీన్ని విని "ఇంతేనా" అనుకోవడం అన్యాయం.

ఎల్100 సంగతి వేరు. జేబీఎల్ స్టూడియోల కోసం చేసిన 4310, 4311 మానిటర్ల ఇంటి రూపం అది, 1970ల మొదట్లో వచ్చింది. 12 అంగుళాల తెల్ల కోన్ ఊఫర్, దానికి గుడ్డ సరౌండ్. అందుకే ఇన్నేళ్ళ తరవాత కూడా చాలా జతల్లో ఊఫర్లు చెక్కు చెదరకుండా ఉన్నాయి. పోయేది ముందున్న గళ్ళ గళ్ళ ఫోమ్ గ్రిల్, అది పొడై రాలిపోతుంది, కానీ అది అందం కోసమే, కొత్తవి చేసి అమ్మేవాళ్ళున్నారు. క్రాసోవర్ అంటారా, మొదటి తరంలో ఊఫర్‌కి అసలు ఫిల్టరే లేదు, ఆంప్ నుంచి వచ్చిందంతా నేరుగా దానికి పోతుంది, మిడ్‌కీ ట్వీటర్‌కీ మాత్రం చెరో కెపాసిటర్. దాని మొరటుతనమూ దాని జోరూ రెండూ అక్కణ్ణుంచే. మృదంగం, డప్పు, తవిల్ దీంట్లో ఎదురుగా కూర్చుని వాయించినట్టు వస్తాయి. పాత మోనో రికార్డుల్లో ఘంటసాల గొంతు వినడానికి నేనైతే ఏఆర్ వైపు మొగ్గుతాను, దాని మెత్తటి ట్రెబుల్‌లో సూది రాపిడి, బుస్సుమనే శబ్దం అణిగిపోయి గొంతు ఒక్కటే ముందుకు వస్తుంది.

ఎల్100 కొనేటప్పుడు తెలియక కంగారుపడే విషయం ఒకటుంది. పోలారిటీ (ప్లస్, మైనస్ తీగలు సరిగ్గా ఉన్నాయా అని) చూడ్డానికి 1.5 వోల్టుల బ్యాటరీ పెడతాం కదా, ప్లస్‌ని ఎర్ర టెర్మినల్‌కి తగిలిస్తే మామూలుగా కోన్ బయటికి వస్తుంది. పాత జేబీఎల్ లో లోపలికి పోతుంది. ఎవరో తీగలు తారుమారు చేశారని టెన్షన్ పడి మార్చేయకండి, ఆ కంపెనీ పాత పద్ధతే అది. రెండు స్పీకర్లూ ఒకేలా కదులుతున్నాయా అన్నదే మీరు చూసుకోవాల్సింది.

టానాయ్, క్లిప్ష్

టానాయ్ డ్యూయల్ కాన్సెంట్రిక్ అంటే ఊఫర్ మధ్యలోంచే ట్రెబుల్ వచ్చే డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం). 1967 నుంచి 1974 దాకా వచ్చిన మానిటర్ గోల్డ్, ఆ తరవాత హెచ్‌పీడీ, ఎక్కువగా కనబడేవి ఇవే. గోల్డ్‌లో 12, 15 అంగుళాల సైజులకి ఫోమ్ లేదు, మడతల అంచు, అవి ఎన్నాళ్ళైనా ఉంటాయి. హెచ్‌పీడీలకి ఫోమ్, అది పోయే ఉంటుంది. ఈ ఒక్క తేడాకే ధరలో చాలా అంతరం. నన్నడిగితే బేరం హెచ్‌పీడీలోనే ఉంది, ఎందుకంటే ఫోమ్ మార్చుకోవచ్చు, లోపలి ఆల్నికో అయస్కాంతం మాత్రం అంతే బలమైనది. కాకపోతే రీఫోమ్ చేసేటప్పుడు మధ్యలో ఉన్న ట్రెబుల్ భాగంలో దుమ్ము గానీ ఇనుప రజను గానీ పడిందంటే కష్టం, కాబట్టి ఇది మొదటి ప్రయత్నంగా చేసే పని కాదు. 1976లో వచ్చిన ఆర్డెన్ లాంటివి పెద్ద బీరువాలు, మన అపార్ట్‌మెంట్ హాల్లో గోడకి దగ్గరగా పెడితే బేస్ గదంతా దొర్లుతుంది. ముందు గది కొలుచుకోండి.

క్లిప్ష్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. 1946లో మొదలైన క్లిప్ష్‌హార్న్ ఇప్పటికీ అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రపు హోప్ ఊళ్ళోనే తయారవుతోంది. విడిభాగాల బాధ లేనే లేదు, కెపాసిటర్లు మారిస్తే సగం పని అయినట్టే. చిన్న ట్యూబ్ ఆంప్ ఉన్నవాళ్ళు అదే కంపెనీ చిన్న స్పీకర్ హెరెసీ నుంచి మొదలుపెట్టండి. బాకాలాంటి హార్న్‌లోంచి వచ్చే ఈ స్పీకర్ల గొంతు కొందరికి ఎంత విన్నా అలవాటు కాదు, అందుకే వినకుండా కొనొద్దు.

ఎల్ఎస్3/5ఏ

ఇది బీబీసీ వాళ్ళు తమ అవుట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్ వ్యాన్లలో వార్తల గొంతులు, మాటలు సరిచూసుకోవడానికి 1970ల మొదట్లో చేసిన చిన్న స్పీకర్. డబ్బా లోపల 5 లీటర్లే. రోజర్స్, స్పెండార్, చార్ట్‌వెల్, హార్బెత్ ఇలా చాలా కంపెనీలు లైసెన్సు తీసుకుని తయారుచేశాయి, లోపల డ్రైవర్లు మాత్రం అన్నిటికీ కెఫ్ కంపెనీవే, బీ110 ఊఫర్, టీ27 ట్వీటర్. గొంతు విషయంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. బాలమురళీకృష్ణ ఆలాపనలో గొంతు కింది స్థాయికి దిగినప్పుడు ఆ ఒరుపు, ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తాయి. నాదస్వరం జోరుగా కావాలంటే మాత్రం ఇది కాదు. లోతైన బేస్ ఉండదు, గట్టిగా పెడితే తట్టుకోదు, 83 డెసిబెల్స్ దగ్గర సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి వచ్చే శబ్దం) కాబట్టి ఆంప్‌కి కాస్త సత్తువ కావాలి.

కొనేటప్పుడు పెద్ద ప్రశ్న 15 ఓమ్‌లదా, 11 ఓమ్‌లదా అని. 1980ల చివర్లో కెఫ్ డ్రైవర్లు మారడంతో క్రాసోవర్ కూడా మార్చి 11 ఓమ్‌ల రకం చేశారు. పాత 15 ఓమ్‌ల జతలకి ఎక్కువ పలుకుతుంది. వినికిడిలో ఉన్న తేడాకి అంత ధర తేడా ఇవ్వక్కర్లేదని నా అభిప్రాయం, 11 ఓమ్‌లదైనా జత సవ్యంగా ఉంటే తీసుకోండి. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోవాలి, ఈ రెండు రకాల డ్రైవర్లు ఒకదాని బదులు ఒకటి వేయడానికి వీల్లేదు. "ఊఫర్ మార్పించాం" అని ఎవరన్నా అంటే ఏది వేశారో చూపించమనండి. జత నంబర్లు ఒక వరసలో ఉన్నాయా చూడండి, బయట నకిలీలు బాగానే తిరుగుతున్నాయి. ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, ఇంగ్లండ్‌లో ఫాల్కన్ అకూస్టిక్స్ వాళ్ళు ఈ డ్రైవర్లని మళ్ళీ తయారుచేస్తున్నారు, కెఫ్‌లో బీ110, టీ27 డిజైన్ చేసిన మాల్కమ్ జోన్సే ఆ కంపెనీ పెట్టినవాడు. అందువల్ల ఒకప్పుడు మూడో కుప్పలో ఉండాల్సిన ఎల్ఎస్3/5ఏ ఇప్పుడు రెండో కుప్పలోకి వచ్చింది.

యమహా ఎన్ఎస్-1000ఎం

దీన్ని ఇష్టపడనివాళ్ళు తక్కువ, నేనూ ఇష్టపడతాను, అయినా దీని గురించే ఎక్కువ హెచ్చరించాలి. 1974లో వచ్చి 20 ఏళ్ళకి పైగా తయారైంది. మిడ్‌కీ ట్వీటర్‌కీ బెరీలియం డోమ్‌లు, ఆ రోజుల్లో ఎవరూ ఊహించని పని. అంత తేలికైన, అంత గట్టి లోహంతో చేసిన 88 మిల్లీమీటర్ల డోమ్ వీణ తీగ మీటిన మొదటి క్షణాన్ని ఎలా చూపిస్తుందో వింటేనే తెలుస్తుంది. కానీ ఆ డోమ్‌కి ఏమన్నా అయితే అంతే. యమహా ఇప్పుడు చేయదు, ఆ మధ్య తెచ్చిన ఎన్ఎస్-5000లో కూడా బెరీలియం వదిలేసి జైలాన్ అనే పీచు పదార్థం వాడారు. దొరికేదల్లా ఇంకో పాత జతలోంచి పీకిన డ్రైవర్. డోమ్ పగిలి ఉంటే దాన్ని చేత్తో కెలక్కండి, బెరీలియం పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం, ఇది అతిశయోక్తి కాదు.

అందుకని ఎన్ఎస్-1000ఎం కొంటే రెండు డోమ్‌ల మీద జాలీలు తిన్నగా ఉన్నాయా, ఒక్క నొక్కు కూడా లేదా అని టార్చి వేసి చూడాలి, ముందున్న రెండు నాబ్‌లు తిప్పి వినాలి, అవి చిలుమెక్కడం మామూలే, శుభ్రం చేస్తే సరిపోతుంది. ఒక్కో స్పీకర్ 31 కిలోలు, దూరం నుంచి లారీలో తెప్పించుకునే సాహసం చేయొద్దు, వెళ్ళి తెచ్చుకోండి. ఇది నా దృష్టిలో మూడో కుప్ప: అన్నీ బాగుంటేనే కొనాలి, "బాగు చేయించుకుందాంలే" అనే మాట దీనికి పనికిరాదు.

క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్

ఇంగ్లండ్‌లోని హంటింగ్‌డన్‌లో పీటర్ వాకర్ చేసిన క్వాడ్ ఈఎస్ఎల్, 1957లో వచ్చింది కాబట్టి అందరూ 57 అంటారు. కోన్ లేదు, అయస్కాంతం లేదు, పల్చటి ప్లాస్టిక్ పొర చిల్లులున్న రెండు పలకల మధ్య కొన్ని వేల వోల్టుల ఛార్జితో ఊగుతుంది. గొంతు, తంబురా, వేణువు దీంట్లో వినిపించేంత స్వచ్ఛంగా ఇంకెక్కడా వినలేదని చెప్పేవాళ్ళు వేలమంది, వాళ్ళ మాట నిజమే. కానీ అది ఒక్క కుర్చీకే. తల పక్కకి జరిపితే ట్రెబుల్ పోతుంది, లోతైన బేస్ ఉండదు, శక్తిమంతమైన ఆంప్ పెట్టి వాల్యూమ్ పెంచితే ట్రెబుల్ ప్యానెల్‌లో నిప్పురవ్వ లేచి పొరకి చిల్లు పడుతుంది. 1981లో వచ్చిన ఈఎస్ఎల్-63 ఇంకాస్త విశాలంగా వినిపిస్తుంది, దానికి రక్షణ సర్క్యూట్ ఉంది, దాని జబ్బు జిగురు. ప్యానెళ్ళ లోపల జిగురు వయసుతో ఊడిపోయి దుమ్ము ఆపే పొర వేలాడుతుంది.

57కి కరెంటు కావాలి కాబట్టి అమెరికా నుంచి వచ్చిన జత అయితే వోల్టేజీ సెట్టింగ్ చూడకుండా ప్లగ్గు పెట్టకండి. ప్లగ్గు తీసేశాక కూడా లోపల 6 వేల వోల్టుల దాకా ఛార్జి నిలిచి ఉండొచ్చు, వెనక మూత మీరు విప్పొద్దు. ప్యానెళ్ళు పునర్నిర్మించేవాళ్ళు యూరప్‌లో ఉన్నారు, జర్మనీలో క్వాడ్ పాత యంత్రాలే కొని ఆ పని చేస్తున్న సంస్థ కూడా ఉంది, కానీ హైదరాబాద్ నుంచి ప్యానెల్ అక్కడికి పంపి తెప్పించుకోవడానికయ్యే ఖర్చుతో ఇంకో మంచి స్పీకర్ల జత వస్తుంది. దుమ్మూ ఉక్కపోతా ఉన్న ఊళ్ళో ఏసీ లేని గదిలో దీన్ని పెట్టొద్దు. లండన్ దగ్గరో జర్మనీలోనో ఉంటున్న మనవాళ్ళకి మాత్రం సంకోచం లేకుండా చెబుతాను, బాగు చేసేవాళ్ళు దగ్గర్లో ఉన్నప్పుడు ఇది కొనకపోతే ఎప్పుడు కొంటారు?

అపోజీ కంపెనీ సింటిల్లా గురించి అడిగేవాళ్ళు కూడా ఉంటారు. 1 ఓమ్ స్పీకర్ అది, కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇన్ఫినిటీ కప్పా 9 కూడా ఆంప్‌లని కాల్చేసే రకమే. ముందు ఆంప్ కొనే డబ్బు లెక్కేసుకుని రండి.

చూడ్డానికి వెళ్ళినప్పుడు

ఒక మల్టీమీటర్, ఒక 1.5 వోల్టుల బ్యాటరీ, ఒక టార్చి, మీకు బాగా తెలిసిన పాటలు కొన్ని తీసుకెళ్ళండి. గ్రిల్ తీయనివ్వకపోతే అక్కణ్ణుంచి వచ్చేయండి. 8 ఓమ్‌ల డ్రైవర్ మీటర్‌లో ఆరు అటూ ఇటూగా చూపిస్తుంది, 4 ఓమ్‌లదైతే మూడు దగ్గర. అసలు రీడింగే రాకపోతే లోపలి వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) తెగింది. ఊఫర్‌ని నెమ్మదిగా నొక్కినప్పుడు బరబరమని రాచుకుంటే వాయిస్ కాయిల్ పక్కకి జరిగింది, లేదా స్పీకర్ ఎప్పుడో కింద పడి అయస్కాంతం కదిలింది, ఇది ఫోమ్ పోవడం కన్నా చాలా పెద్ద సమస్య. మోనో పాట ఒకటి పెట్టి ఒక్కో స్పీకర్‌నీ విడిగా వినండి, ఆ తరవాత రెండూ కలిపి. గొంతు సరిగ్గా మధ్యలో నిలబడకుండా ఒక పక్కకి లాగుతుంటే ఆ రెండిట్లో ఒకటి అలసిపోయింది. డబ్బా అడుగున, వెనక చెక్క ఉబ్బిందా, చెదలు పట్టిందా చూడండి.

ఇంకొక అభిప్రాయం. "పూర్తిగా రీస్టోర్ చేసినది" అని ఎక్కువ ధర చెప్పే జత కన్నా ఫోమ్ పోయి, లోపల ఎవరూ చేయి పెట్టని జతే నాకిష్టం. ఏం వేశారో, ఏ విలువ కెపాసిటర్ పెట్టారో ఫోటోలు చూపించగలిగితే వేరే మాట.

రిపేరు

హైదరాబాద్ కోఠిలో గానీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ మైక్‌సెట్ల స్పీకర్లకి కాయిల్ చుట్టి కోన్ మార్చేవాళ్ళు చాలా నేర్పరులు. కానీ వాళ్ళ అలవాటు పాత కోన్ చించేసి కొత్తది వేయడం. మైక్‌సెట్‌కి అది సరే, ఏఆర్‌కో టానాయ్‌కో ఆ కోన్ బరువే దాని ప్రాణం. ఇచ్చేటప్పుడే స్పష్టంగా చెప్పండి, కోన్ మార్చొద్దు, ఫోమ్ ఒక్కటే, ఫోమ్ కూడా మేమే తెచ్చి ఇస్తాం అని.

మీరే చేసుకోవాలంటే ఆ మోడల్‌కి సరిపోయే ఫోమ్ తెప్పించుకోండి, ఏదో ఒక 12 అంగుళాలది కాదు. పాత ఫోమ్ ముక్కలు, జిగురు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, మొద్దు కత్తితో కోన్ అంచు చిరగకుండా గీకాలి. ఓపిక అంతా ఇక్కడే కావాలి, ఈ పని తొందరగా కానిచ్చినవాళ్ళకే తరవాత ఫోమ్ ఊడుతుంది. కోన్ మధ్యలో మూతలా ఉండే డస్ట్ క్యాప్‌ని బ్లేడుతో కోసి పక్కన పెట్టి, వాయిస్ కాయిల్‌కీ మధ్య ఇనప కడ్డీకీ నడుమ ఉన్న సందులో పాత కెమెరా ఫిల్మ్ ముక్కలు నాలుగు వైపులా దూర్చితే కాయిల్ కచ్చితంగా మధ్యలో నిలబడుతుంది. తెల్లగా ఉండి ఎండితే పారదర్శకమయ్యే జిగురుతో మొదటి రోజు ఫోమ్‌ని కోన్‌కి అతికించండి, రెండో రోజు ఫ్రేముకి. ఒకే రోజు రెండూ చేయొద్దు. ఎండాక ఫిల్మ్ ముక్కలు తీసి, వేళ్ళతో నొక్కి చూడండి. ఏ చప్పుడూ లేకుండా మెత్తగా కదిలితే డస్ట్ క్యాప్ అతికించేయొచ్చు.

అప్‌గ్రేడ్

ఇక్కడ నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. ముందు స్పీకర్‌ని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చేయండి, కొన్ని నెలలు వినండి, అప్‌గ్రేడ్ గురించి ఆ తరవాత ఆలోచించండి. కొన్న మొదటి వారంలోనే క్రాసోవర్ మొత్తం పీకి ఖరీదైన భాగాలు వేసేవాళ్ళకి అసలు ఆ స్పీకర్ ఎలా ఉండేదో ఎప్పటికీ తెలియదు.

కెపాసిటర్ల విలువ మార్చొద్దు. ఎలక్ట్రోలిటిక్ తీసి ఫిల్మ్ వేసినప్పుడు ట్రెబుల్ కాస్త కొట్టొచ్చినట్టు అనిపించొచ్చు, పాత కెపాసిటర్‌కి లోపల కొంత రెసిస్టెన్స్ ఉండేది, కొత్తదానికి లేదు. సిరీస్‌లో అర ఓమ్ నుంచి ఒక ఓమ్ రెసిస్టర్ వేసి వినండి, చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. క్రాసోవర్లోని కాయిళ్ళ జోలికి పోకండి, వాటి రెసిస్టెన్స్‌ని కూడా లెక్కలోకి తీసుకునే డిజైన్ చేశారు. టీ27 తీసేసి ఇప్పటి మంచి ట్వీటర్ వేస్తానంటే అది ఎల్ఎస్3/5ఏ కాదు, మీరు కట్టిన కొత్త స్పీకర్. ఎల్100 ఊఫర్‌కి ఒక కాయిల్ జోడించి మిడ్‌లో గందరగోళం తగ్గించుకునేవాళ్ళున్నారు, అది వెనక్కి తీసేయగలిగిన మార్పు కాబట్టి అభ్యంతరం లేదు, నాకైతే మొరటుగానే బాగుంటుంది. దానికన్నా ఎల్100ని నేల మీంచి ఒక అడుగు ఎత్తు స్టాండు మీద పెట్టి కాస్త వెనక్కి వాల్చితే వచ్చే లాభం ఎక్కువ.

కొత్తవా పాతవా అని ఊగిసలాడేవాళ్ళకి: జేబీఎల్ 2018లో ఎల్100 క్లాసిక్ తెచ్చింది, టానాయ్ 2017లో ఆర్డెన్, చెవియట్, ఈటన్ పేర్లతో మళ్ళీ చేసింది. ఇవి మంచి స్పీకర్లే, పేరూ రూపమూ పాతవి, లోపల అంతా కొత్త. రిపేర్ల మీద ఆసక్తి లేని వాళ్ళు నిశ్చింతగా అవే కొనుక్కోండి. ఎల్ఎస్3/5ఏ విషయంలో మాత్రం, పాత జతకి అడుగుతున్న డబ్బు ఫాల్కన్ కొత్త జత ధరకి దగ్గరగా ఉంటే నేను కొత్తదే తీసుకుంటాను.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఏఆర్, జేబీఎల్, క్లిప్ష్ చూడండి, అక్కడ లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి, గ్యారేజీ సేళ్ళలో ఇప్పటికీ కనబడతాయి. సొంతూరికి తెచ్చుకునే ఆలోచన ఉంటే వాడిన సామాన్ల దిగుమతి నిబంధనలు, సుంకం కొనకముందే కనుక్కోండి. ఇక్కడ ఉండి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చినవాళ్ళకి ఏఆర్, రానివాళ్ళకి గుడ్డ సరౌండ్ ఉన్న ఎల్100. చిన్న గది, గొంతులే ముఖ్యం అనుకుంటే ఎల్ఎస్3/5ఏ. పెద్ద హాలు, చేయి తిరిగిన రిపేరు మనిషి అందుబాటులో ఉంటే టానాయ్ హెచ్‌పీడీ. యమహా అయితే అన్నీ సరిగ్గా ఉన్న జత కోసం ఏళ్ళు పట్టినా ఆగండి. ఏది కొన్నా లోపల్నుంచి తీసిన ప్రతి పాత భాగాన్నీ ఒక కవర్‌లో వేసి, ఏది ఎక్కడిదో కాగితం మీద రాసి, ఆ కవర్ డబ్బా వెనకే అతికించి పెట్టండి. మళ్ళీ అమ్మేరోజు కొనేవాడు మొదట అడిగేది ఆ కవరే.